సున్నం గోడ మీద పసుపు చేతులు

2023 జూన్ నెల. తమిళ నాట ధర్మపురిలో సేలం రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలో గీత అనే అమ్మాయి తన ఇంట్లోనే డేకేర్ నడుపుతోంది. పనికి వెళ్లే తల్లులు పొద్దున బిడ్డను అప్పగించి సాయంత్రం తీసుకుపోతారు. ఏడాదిన్నర మొదలు నాలుగేళ్ల లోపు పిల్లలు తొమ్మిది మంది. మే నెలలో ఆమెకు ప్రభుత్వ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. లైసెన్సు లేకుండా ఇంతమందిని ఉంచుకోకూడదు, జూన్ ముగిసేలోగా ఇన్‌స్పెక్షన్‌కు సిద్ధం కావాలి, అందులో తప్పితే మూసేయాలి అని దాని సారాంశం.

నేను అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఒక మిల్లు క్రెష్‌లో పనిచేశాను. క్రెష్ అంటే మిల్లులో పనిచేసే ఆడవాళ్ల బిడ్డలను షిఫ్టు అయ్యేదాకా చూసుకునే చోటు. రిటైరయ్యాక, ఇళ్లలో డేకేర్ పెట్టుకున్నవాళ్లు ఇన్‌స్పెక్షన్‌కు ముందు నన్ను పిలవడం మొదలుపెట్టారు. ఇల్లంతా చూసి ఏమి మార్చాలో చెప్పడం, మార్చాక మళ్లీ చూడడం, అధికారి వచ్చే రోజు పక్కన నిలబడడం నా పని. ఇప్పటికి పంతొమ్మిది ఇళ్లు చూశాను. గీతది పదకొండోది. ఈ పని ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఆ పదకొండో ఇంటి సంగతే.

గీత బి.ఎడ్. చదివింది. పెళ్లికి ముందు రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పింది. భర్తకు హరూర్‌లో ఎరువుల అంగడి, పొద్దున పోతే రాత్రికి వస్తాడు. ఇంట్లో ఆమెకు తోడు అత్త మునెమ్మ. పిక్కిలి అనే ఊరి పక్క పొలాలు కౌలుకిచ్చి, కోడలి డేకేర్ కోసమే టౌనుకు వచ్చిన మనిషి. తొమ్మిది మంది పిల్లలకూ ఆమె అవ్వే. వాళ్లలో సగం మంది ఇళ్లలో తమిళం మాట్లాడేవాళ్లే అయినా, మునెమ్మ దగ్గర చేరిన నెల రోజులకే అందరి నోటా పిక్కిలి తెలుగు వచ్చేసింది.

నేను మొదటిసారి వెళ్లింది జూన్ 12, సోమవారం. మునెమ్మ తిన్నె మీద కూర్చుని వక్క కొరుకుతోంది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"లైసెన్సు ఇప్పించే అక్క నువ్వేనా? గొర్రెలు మేపినాను, బర్రెలు మేపినాను, ఎవురూ లైసెన్సు అడగలేదు. బిడ్డల్ని మేపేకి అడుగుతా ఉండారు."

"లైసెన్సు నేనిచ్చేది కాదమ్మా. ఇచ్చేవాళ్లకి ఇల్లు చూపించేకి వచ్చినాను."

"చూపించేకి ఏముండాది? వాకిలి తెరిచే ఉండాది. వచ్చి చూసుకొని పోనీ."

నేను లోపలికి వెళ్లి, సంచిలో నుంచి పాత దుప్పటి ముక్కలతో కుట్టుకున్న మోకాళ్ల పట్టీలు తీసి కట్టుకున్నాను. ఏ ఇంటికి వెళ్లినా నేను మొదట చేసేది పాకడం. అప్పటికి నాకు అరవై తొమ్మిది. నిలబడి చూస్తే పెద్దవాళ్ల ఇల్లు కనబడుతుంది. బిడ్డల ఇల్లు నేలకు రెండడుగుల లోపలే ఉంటుంది. వాకిలి దగ్గర మొదలుపెట్టి పెరటి దాకా, గోడ వెంబడి, మంచాల కింద, బీరువా సందులో, ప్రతి మూలా పాకుతాను.

మునెమ్మ నా వెనకాలే వచ్చింది.

"ఏమి పోగొట్టుకున్నావక్కా? చెప్తే నేనూ వెతుకుతాను."

"ఏమీ పోలేదు. బిడ్డల చేతికి ఏమేమి దొరుకుతాదో చూస్తా ఉండాను."

మంచం కింద ఒక పిన్నీసు, మూడు చింతగింజలు, బొమ్మలో నుంచి ఊడిన గుండీ బ్యాటరీ ఒకటి దొరికాయి. వాటిని ఒక్కొక్కటిగా నా దగ్గరున్న పాత కెమెరా రీలు డబ్బాలో వేసి చూపించాను. మా పనిలో దీన్ని చోక్ ట్యూబ్ అంటారు. ఆ డబ్బాలో పట్టే వస్తువు ఏదైనా బిడ్డ గొంతుకు అడ్డం పడుతుందని లెక్క. కంపెనీవి కూడా అమ్ముతారు గానీ, నాకు ఈ డబ్బానే అలవాటు.

మునెమ్మ డబ్బా లాక్కుని, తన నడుములోని సంచిలో నుంచి ఒక వక్క తీసి అందులో వేసింది. టక్కుమని అడుగుకు పోయింది.

"నా వక్క గూడానా?"

"అన్నిటికంటే ముందు అదే."

ఆ రోజంతా డబ్బా ఆమె చేతిలోనే ఉంది. ద్రాక్షపండు వేసింది, జాకెట్టు గుండీ వేసింది, దేవుడి గూట్లోని చిన్న గంట వేసింది. సాయంత్రం నేను బయలుదేరేటప్పుడు తన కాలి మెట్టె కూడా తీసి వేసి చూసుకుంటోంది. వక్క సంచి మాత్రం ఆనాటి నుంచి పై అరలోకి ఎక్కింది. నమలాలనిపిస్తే వీధి తిన్నె మీదకు వెళ్లి నమిలి, నోరు కడుక్కుని వచ్చేది.

మునెమ్మకూ నాకూ రెండు విషయాల్లో మాత్రం పేచీ వచ్చింది.

మొదటిది గడప. ఆ ఇల్లు పాతది. వీధి వాకిలికి జానెడు ఎత్తు కొయ్య గడప ఉంది. పెద్దవాళ్లు కాలెత్తి దాటిపోతారు. చిన్నవాళ్లు రెండు చేతులూ గడప మీద ఆనించి, పొట్ట మీద పడి, ఒక కాలు అవతల వేసి, జారి దిగుతారు. ఆ దిగడంలో పడతారు. తీసేసి చదును చేయిస్తే మంచిదన్నాను.

"గడప తీసేదా?" మునెమ్మ కొంగు దోపుకుంది. "వారం వారం పసుపు పూసి బొట్టు పెట్టేదాన్ని తీసేస్తే, ఈ ఇంట్లోకి లక్ష్మి యాడనుంచి వచ్చేది? కిటికీలోనా?"

"పోనీ, దాని మీద వాలుగా పలక వేయిద్దాం. బిడ్డలు నడిచి దాటుతారు."

"గడప తొక్కేది నేర్పిస్తావా బిడ్డలకి? ఇప్పుడు వాళ్లు ఏమి చేస్తా ఉండారు? రెండు చేతులూ పెట్టి దాటుతా ఉండారు. దండం పెట్టినట్ల. నువ్వూ నేనూ మరిచిపోయింది వాళ్లు చేస్తా ఉండారు."

చివరికి గడపను ముట్టుకోకుండా, రెండు పక్కలా సగం ఎత్తున ఒక్కొక్క మెట్టు కట్టించాం. దిగేటప్పుడు కాలికి అందేది ఉంటే చాలు, పడరు.

రెండో పేచీ సంపు గురించి. మా ఊళ్లో కుళాయి నీళ్లు రోజూ రావు. అందుకే పెరట్లో నేల లోపల నీళ్ల తొట్టి కట్టుకుంటారు, దాన్నే సంపు అంటాం. గీత ఇంటి సంపుకు ఇనప రేకు మూత ఉంది. ఇంటికీ పెరటికీ నడుమ మూడడుగుల గేటు పెట్టించాను. కడ్డీలు నిలువుగా ఉండాలని చెప్పి చేయించాను, అడ్డంగా ఉంటే బిడ్డలకు అదే నిచ్చెన. అది అయ్యాక, సంపు మూతకు కొళికీ బీగమూ, అంటే గొళ్లెమూ తాళమూ, పెట్టించమన్నాను. మా పనిలో దీన్ని డబుల్ బారియర్ అంటారు. బిడ్డకూ నీళ్లకూ మధ్య ఎప్పుడూ రెండు అడ్డాలు ఉండాలి. ఒకటి తప్పినా ఇంకొకటి నిలబడాలి.

"గేటు ఉండాది గదా, దానికి బీగం ఎందుకు?" అంది మునెమ్మ. "బిడ్డలేమన్నా దొంగలా? నీళ్లు ఎప్పుడు వస్తాయో కుళాయి పెట్టినోడికే తెల్దు. వచ్చినప్పుడల్లా బీగంచెవి వెతకాలనా?"

"మెడలో వేసుకో."

"మెడలో తాళి ఉండాది, దాని పక్కన సంపు బీగంచెవినా! చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"నీళ్లకి గూడా నువ్వే యజమాని అనుకుంటారు."

ఆమెకు నవ్వొచ్చింది. కానీ బీగంచెవి మెడలో వేసుకోలేదు. వంటింట్లో మేకుకు తగిలించింది. బీగం వేస్తోందా లేదా అని నేను వెళ్లిన ప్రతిసారీ లాగి చూసేదాన్ని. రెండుసార్లు ఊరికే తగిలించి ఉంది. రెండుసార్లూ అరిచాను.

మిగతావన్నీ సవ్యంగా జరిగాయి. రేషియో, అంటే ఎంతమంది బిడ్డలకు ఒక పెద్ద మనిషి అనే లెక్క, సరిపోయింది. మందులు, ఫినాయిల్ పై అరలకు ఎక్కాయి. ప్లగ్గులకు మూతలు పడ్డాయి. పెయింటు వాసన పిల్లలకు పడదని గీత గోడలకు సున్నం కొట్టించింది. నాకు అది నచ్చింది. జూన్ 28న సున్నం వేశారు. 29 సాయంత్రం నేను చివరిసారి ఇల్లంతా పాకాను. చోక్ ట్యూబులో పట్టేది ఒక్కటీ దొరకలేదు. గీత చేతులు పట్టుకుని, "నిమ్మళంగా నిద్రపో. ఇల్లు సిద్ధం" అని చెప్పి వచ్చాను.

మరునాడు, జూన్ 30, శుక్రవారం. అధికారి పదకొండుకు వస్తారని చెప్పారు. నేను తొమ్మిదిన్నరకే చేరుకున్నాను.

వీధిలోనుంచే గడప మెరుస్తూ కనబడింది. ఆఫీసరు వచ్చే రోజని మునెమ్మ ఆ శుక్రవారం పసుపు ధారాళంగా కలిపి పూసినట్టుంది. ఇంకా తడి ఆరలేదు. గీత వాకిట్లో ఒక తల్లితో మాట్లాడుతోంది. ఆఫీసరు మమ్మల్ని కూడా ప్రశ్నలు అడుగుతారా అని ఆ తల్లికి కంగారు. నేను గడప దాటి లోపలికి అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయాను.

గోడల నిండా ఎర్రటి చేతులు.

మోకాలి ఎత్తున, తొడ ఎత్తున, కిటికీ కింద, అల్మైరా పక్కన, ఎక్కడ చూసినా అయిదు వేళ్ల చిన్న చిన్న ఎర్రటి ముద్రలు. మొదట నెత్తురనుకున్నాను. ఆ తర్వాత పిల్లల చేతులు చూశాను. అందరి చేతులూ పసుపుగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. గడప మీద చేతులానించి దాటిన ప్రతి బిడ్డకూ తడి పసుపు అంటుకుంది. ఆ చేతులు రెండు రోజుల కిందటి పచ్చి సున్నం మీద పడ్డాయి. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో ఆరతి పళ్లెం చూసిన ఎవరికైనా తెలుసు.

గీత లోపలికి వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పెద్దమ్మా! సున్నం! అయ్యో, నా గోడలు!"

మునెమ్మ ఒక పసివాడికి చొక్కా తొడుగుతూ వెనక గదిలో నుంచి వచ్చింది. గోడల వంక చూసింది. ఆమె ముఖం విప్పారింది.

"ఇల్లంతా ఆరతి నీళ్లు చల్లినట్లుండాది గదే! ఉన్న దిష్టంతా పోయింది పో!"

"అత్తా, సుమ్మా ఉండు, మాట్లాడొద్దు! ఆఫీసరమ్మ ఇంకో గంటలో వస్తాది!"

నేను వాళ్ల మాటలు వింటూనే పిల్లలను లెక్కపెట్టాను. ఏ గదిలోకి వెళ్లినా హెడ్ కౌంట్ తీసుకోవడం, అంటే తలలు లెక్కించడం, నాకు ఊపిరి తీయడం లాంటిది. గీతను అడిగాను, పొద్దున ఎంతమంది వచ్చారని. తొమ్మిది మందీ వచ్చారంది. నా లెక్కకు ఎనిమిది వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే.

"కయల్ ఏది?"

కయల్ ప్రభుత్వ ఆస్పత్రి నర్సు కూతురు. మూడేళ్లు నిండబోతున్నాయి. ఆ తొమ్మిది మందిలో ఎక్కడంలో, దూకడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

గీత పిలవబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. బిడ్డ ఎక్కడుందో తెలియనప్పుడు కేక వేయకూడదు. ఉలిక్కిపడి పడిపోవచ్చు, లేదా ఆట అనుకుని ఇంకా దూరం పోవచ్చు. గోడ చూశాను. ముందు గదిలో చేతులు అన్ని ఎత్తుల్లోనూ కలగాపులగంగా ఉన్నాయి. వంటింటి పక్క నడవలో మాత్రం ఒకే జత చేతులున్నాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ, గోడ పట్టుకుని ఒకరే నడిచిపోయినట్టు. ఆ వరస నేరుగా పెరటి గేటు వైపు పోయింది.

గేటును ఆనుకుని చెప్పుల స్టాండు ఉంది. నిన్న సాయంత్రం నేను పాకినప్పుడు అది అక్కడ లేదు. వీధి వాకిలి పక్కన ఉండేది. మూడు అరల స్టాండు. మొదటి అర మీద పసుపు. రెండో అర మీద పసుపు. పై పలక మీద రెండు చేతులూ ఒక మోకాలూ. గేటు పై కడ్డీ మీద నాలుగు వేళ్లు. గేటుకు అవతల ఆనుకుని బట్టలుతికే రాయి ఉంది. దిగడానికి అదే మెట్టు.

"రాత్రి నేనే జరిపినాను," అంది గీత. "ముందు గది ఇరుగ్గా ఉన్నట్లు తోచింది. ఆమె వచ్చి చూస్తే ఇశాలంగా కనపడాలని..."

పెరట్లో నుంచి చప్పుడు వినబడింది. డబ్ డబ్ డబ్. బోలుగా, లోతుగా.

కయల్ సంపు మూత మీద కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు పసుపు చేతులతో రేకు వాయిస్తోంది. నీళ్లున్న తొట్టి మీద రేకు బాగా మోగుతోంది. మమ్మల్ని చూసి సంతోషంగా చెప్పింది:

"అవ్వా, డోలు!"

మునెమ్మ నా భుజం పట్టుకుంది. "బీగం ఏసినానక్కా. పొద్దున్నే నీళ్లు చూసి ఏసినాను." ఆ తర్వాత గొంతు తగ్గించి, నన్ను కాదు, తననే అడిగినట్టు అంది: "ఏసినాను గదా?"

గీత అప్పటికే గేటు తీసింది. పరుగెత్తలేదు. నవ్వుతూ, మామూలుగా నడిచి వెళ్లి, "డోలు నాకు నేర్పిస్తావా?" అంటూ కయల్‌ను ఎత్తుకుంది. పిల్ల రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ పడ్డాయి. కొత్త చీర మీద కూడా పసుపు. నేను వంగి బీగం లాగాను. గట్టిగా పడి ఉంది. మళ్లీ లాగాను. మూతను కాలితో తోశాను, కదల్లేదు.

"ఏసినావమ్మా," అన్నాను.

మునెమ్మ ఉతుకురాయి మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నీ అరుపులకి భయపడి ఏసినాను పో. లేకపోతే ఎవురు ఏస్తారు!"

అప్పుడు గీత ఫోను మోగింది. ఆఫీసు నుంచి. మేడం బస్టాండు దగ్గరికి వచ్చేశారు, ఇంకో పదిహేను నిమిషాల్లో మీ ఇంట్లో ఉంటారు అని.

స్టాండును నేనూ గీతా మోసుకెళ్లి పాత చోట పెట్టాం. గీత బకెట్టూ గుడ్డా తెచ్చి గోడ మీద ఒక ముద్రను రుద్దింది. అరచేయంత ముద్ర పళ్లెమంత ఎర్రమరక అయింది. సున్నం మీద పట్టిన ఎరుపు నీళ్లకు పోదు. స్టాండు మీద, గేటు మీద ఉన్నది మాత్రం రంగు వేసిన ఇనుమూ, వార్నిషు చెక్కా. ఒక్క తుడుపుకు పోతుంది.

ఇది మునెమ్మకు కూడా తెలుసు.

"గోడది బిడ్డల ఆట అని చెప్పు. నవ్వుకొని పోతాది," అంది కోడలితో. "గేటు మీదది మాత్రం తుడిచేయ్. బిడ్డకి ఏమీ కాలేదు గదా. ఆ మాట ఆమెకెందుకు?"

గీత గుడ్డ పట్టుకుని గేటు ముందు నిలబడింది. నా వంక చూసింది. నేను చెప్పగలిగింది ఒక్కటే. "ఇల్లు నీది. లైసెన్సు నీ పేరు మీద వచ్చేది. చెప్తే ఆమె రాసుకోవచ్చు, మూసేయమననూ వచ్చు. నేను అడ్డం పడలేను."

గీత అత్త వైపు తిరిగింది.

"సాయంత్రం కయల్ వాళ్లమ్మ వస్తాది. ఆమెకి చెప్పాల కదత్తా?"

"ఆమెకి చెప్పాల. కన్నతల్లి గదా."

"ఆమెకి చెప్పేదాన్ని ఈ ఆఫీసరమ్మ దగ్గర దాస్తే, ఆమె ముఖం ఎట్ల చూసేది?"

గీత గుడ్డను బకెట్లో పడేసింది.

అధికారికి నలభై దాటి ఉంటాయి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫైలు. మాటలన్నీ తమిళంలోనే జరిగాయి, నేను తెలుగులో రాస్తున్నాను. వాకిట్లో చెప్పులు విప్పి, లోపలికి తొంగి చూసి, అక్కడే బిగుసుకుపోయింది.

"ఏమిటిది? ఎవరికి ఏమైంది?"

"పసుపమ్మా, పసుపు," మునెమ్మ ముందుకు వచ్చింది. "ఈ దినము శుక్రవారం గదా."

"పసుపు ఎర్రగా ఉంటుందా అవ్వా?"

"సున్నం మీద పడితే ఎర్రగా కాక నీలంగా అవుతాదా? మీ ఇంట్లో ఎవురికీ ఆరతి తీసేది లేదా?"

గీత అత్త కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. అధికారి నవ్వలేదు గానీ, గొడుగు మూల పెట్టి లోపలికి వచ్చింది. కాగితాలన్నీ చూసింది. వంటిల్లు, బాత్రూం, పడుకునే చాపలు, మందుల పెట్టె చూసింది. అన్నీ సరే అంది. నడవలోకి వచ్చేసరికి ఆగి, ఒంటరిగా పోతున్న ఆ చేతుల వరసను చూసింది.

"ఇవి ఎక్కడికి పోతున్నాయి?"

గీత చెప్పింది. ఏదీ తగ్గించలేదు, పెంచలేదు. రాత్రి స్టాండు జరిపింది తానే అని చెప్పింది. ఈ పొద్దున ఒక బిడ్డ దాన్ని ఎక్కి గేటు దాటిందనీ, సంపు మూత మీద కూర్చుని ఉండగా చూశామనీ, మూతకు బీగం ఉందనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు కట్టుకుని, తలెత్తి నిలబడింది.

అధికారి గేటు దగ్గర గొంతుకూర్చుని కడ్డీ మీది వేళ్లను చూసింది. "ఆ స్టాండు తెచ్చి ఎక్కడుండిందో అక్కడ పెట్టండి," అంది. పెట్టాం. చూసింది. "తీసేయండి," అంది. తీసేశాం.

"ఏ బిడ్డ?"

కయల్‌ను చూపించాం. అధికారి ఆమెను దగ్గరికి పిలిచింది. "కన్నా, పొద్దున అవతలికి ఎట్లా పోయావు? నాకు చూపిస్తావా?"

కయల్‌కు అడగడమే ఆలస్యం. గేటు దగ్గరికి ఉత్సాహంగా పరుగెత్తింది. చేతులెత్తింది. అందలేదు. ఎగిరింది. అందలేదు. కడ్డీలను రెండు కాళ్లతోనూ పట్టుకుని పాకబోయింది, జర్రున జారి కింద కూర్చుంది. లేచి అటూ ఇటూ చూసింది. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం మునెమ్మ గొంతుతో అడిగింది:

"నా మెట్లు ఏదవ్వా? ఎవురు ఎత్తుకొని పోయినారు?"

అధికారికి తెలుగు రాదు. "ఏమంటోంది?" అని అడిగింది. గీత తమిళంలో చెప్పింది. ఆమె అప్పటిదాకా బిగించుకున్న ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కయల్‌కు కోపం వచ్చింది. మునెమ్మ వైపు వేలు చూపించింది. "అవ్వే ఎత్తుకొని పోయింది!"

"నేనేనే," అంది మునెమ్మ. "పోలీసుకి చెప్పుకో పో."

నవ్వడం అయ్యాక అధికారి లేచి, సంపు దగ్గరికి వెళ్లి బీగం లాగి చూసింది. అప్పుడు రాసింది. చెప్పుల స్టాండును వీధి వాకిలి పక్క గోడకు స్క్రూలతో బిగించాలి. ఉతుకురాయిని గేటుకు దూరంగా జరపాలి. రెండింటికీ ఫోటోలు వారంలోగా పంపాలి. గీత వంక చూసి ఇలా అంది: "మీరు చెప్పకపోతే ఆ గేటు చూసి బాగుందని రాసి వెళ్లిపోయేదాన్ని. స్టాండు ఇంకెప్పుడైనా మళ్లీ అక్కడికే వచ్చేది."

గడప సంగతి కూడా వచ్చింది. ఎత్తుగా ఉంది కదా అంది. మునెమ్మ తన దండం వాదన మొత్తం వినిపించింది. అధికారి రెండు పక్కల మెట్లనూ కొలిచి, సరేనంది. పోయేటప్పుడు ఫైలూ గొడుగూ పట్టుకుని దాటబోయి తూలి, ద్వారబంధం పట్టుకుంది. అక్కడా మునెమ్మ పసుపే. అరచెయ్యి చూసుకుంది.

"మీకూ అంటింది," అంది మునెమ్మ. "గోడ ముట్టుకోకుండా పోండి, మళ్లీ నా కోడలు ఏడుస్తాది."

సాయంత్రం కయల్ తల్లి డ్యూటీ దిగి వచ్చింది. నేను అప్పటిదాకా ఆగాను. గీత ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఆ తల్లి పిల్లను ఎత్తుకుని గేటు దగ్గరికి వెళ్లింది, సంపు దగ్గరికి వెళ్లింది, బీగం లాగింది. "థాంక్స్ అక్కా" అని మాత్రం అని వెళ్లిపోయింది. ఆ థాంక్స్ ఏ రకందో మా ముగ్గురికీ తెలియలేదు. గీతకు ఆ రాత్రి లైసెన్సు సంగతి గుర్తే లేదట. ఆ బిడ్డ మళ్లీ వస్తుందా రాదా అన్నదే ఆలోచనట.

శనివారం పొద్దున్నే ఆమె నాకు ఫోను చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో మొదట అర్థం కాలేదు.

"వచ్చినాది పెద్దమ్మా! ఇప్పుడే గడప మీద పడి దొర్లి లోపలికి వచ్చినాది. వచ్చీ రాకనే మెట్లు యాడ పెట్టినారని అత్తతో కొట్లాట!"

ఫోటోలు పంపాం. ఆగస్టులో లైసెన్సు వచ్చింది. మునెమ్మ మాత్రం అది తన పసుపు వల్ల వచ్చిందనే చెప్పుకుంటుంది. ఒకసారి నేను బీగం మాట ఎత్తాను. "బీగం కాపాడింది, సరే," అంది. "పసుపు కదా చూపించింది."

అది నిజం. ఆ కేసు నాకు నేర్పింది కూడా అదే. ఇన్‌స్పెక్షన్‌కు ఇల్లు సిద్ధం చేయడమంటే ఇంటిని మార్చడం. చివరి రోజు అందం కోసం జరిపే ఒక్కొక్క వస్తువూ పిల్లలకు ఒక కొత్త దారి తెరుస్తుంది. పాకితే నాకు నేల తెలుస్తుంది. కానీ మూడేళ్ల బిడ్డకు ఉన్న ఆశా, ఓపికా నా మోకాళ్లకు లేవు.

అందుకని ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా సున్నం కొట్టించాకే చివరి తనిఖీ పెట్టుకుంటాను, ఆ తర్వాత స్పూను కూడా జరపనివ్వను. వంటింటి పసుపు గిన్నెలో కలిపి పిల్లలందరి చేతులూ అందులో ముంచి, ఒక గంట వాళ్ల మానాన వదిలేస్తాం. పెద్దవాళ్లం వెనకాల చూస్తూ తిరుగుతాం గానీ, ప్రమాదమైతే తప్ప ఎవరమూ వద్దనం. బి. మల్లాపురంలో ఒక ఇంటి ఆవిడ తన మెరిసే గోడల వంక చూసుకుని, "ఇంత ఖర్చు పెట్టి కొట్టించినాను, ఇప్పుడు పసుపు పూయమంటావా?" అని దాదాపు ఏడ్చింది. గంట తర్వాత ఫ్రిజ్ వెనక, ఎవరూ అనుకోని సందులో, స్విచ్ బోర్డు పక్కన ఒక చిన్న ఎర్రటి చెయ్యి కనబడింది. ఆవిడే పరుగెత్తుకెళ్లి ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసింది. గోడల గురించి ఆ తర్వాత ఒక్క మాట కూడా అనలేదు.